కుట్టుమిషన్ మీద పూలకుండీలు

"ముందుగా ఒక గ్లాసు మంచినీళ్లు తాగండి. హాయిగా కూర్చోండి. ఈ సమయం మీది" అంది ఫోన్‌లోని చిరునవ్వావిడ.

కోడలు కూర్చోలేదు. పంచదార డబ్బాకి ఫోన్ ఆనించి, పొయ్యి ముందు నిలబడే పాఠం వింటోంది. ఒక కన్ను పాల మీద, ఒక కన్ను పాఠం మీద, రెండు చెవులూ హాల్లో ఉన్న అత్తగారి మీద. హాల్లో కుర్చీ కిర్రుమంటే ఆవిడ లేచారన్నమాట. గడియ కదిలితే వీధి తలుపు దగ్గరికి చేరారన్నమాట. ఏ చప్పుడూ వినపడకపోతే పొయ్యి కట్టేసి పరుగెత్తాలి.

కుర్చీ కిర్రుమంది.

వెళ్లి చూస్తే అత్తగారు కిటికీ దగ్గర నిలబడి, కర్టెన్ అంచుని వేళ్ల మధ్య పట్టుకుని పరీక్షగా చూస్తున్నారు.

"ఇది ఎవరు కుట్టారే?"

"మీరే అత్తయ్యా."

"నేనా? ఛ! నా చేతి పని ఇలా ఉంటుందా? పాము పాకినట్టుంది. మొత్తం విప్పి మళ్లీ కుట్టమని చెప్పు ఆ మనిషికి."

"అలాగే చెప్తాను. రండి, టీ తాగుదురుగాని."

అత్తగారు రాలేదు. చెయ్యి చాచి కోడలి చొక్కా కాలర్ పట్టుకుని గట్టిగా ఒక గుంజు గుంజారు. ఈమధ్య ఇదొక కొత్త పేచీ. దగ్గరికి ఎవరొచ్చినా కాలరో భుజమో పట్టుకుని లాగుతారు. ఇప్పటికి రెండు చొక్కాల గుండీలు ఊడాయి.

"వదలండి అత్తయ్యా, చిరుగుతుంది" అని కోడలు ఆ చేతిని మెల్లగా తప్పించింది.

"నువ్వు కాజాలమ్మాయివి కదూ?"

"అవునండీ."

కాదనకూడదని రెండో పాఠంలోనే చెప్పారు. ఎప్పుడో అత్తగారి కుట్టు దుకాణంలో చొక్కాలకి కాజాలు తీసే అమ్మాయి ఒకతె ఉండేదట. కోడలి పేరూ, వరసా, ఇన్నేళ్ల కాపురమూ అన్నీ ఆ అమ్మాయిలో కలిసిపోయాయి. మొదట్లో ఏడుపొచ్చేది. ఇప్పుడు ఆ పేరుతో పిలిస్తే పలుకుతోంది.

వంటింట్లోకి తిరిగొచ్చేసరికి పాలు పొంగి పొయ్యంతా పారాయి. ఫోన్‌లో చిరునవ్వావిడ కూడా మొదటికొచ్చింది.

"ముందుగా ఒక గ్లాసు మంచినీళ్లు తాగండి. హాయిగా..."

ఈ పాఠాల పద్ధతే అంత. కాసేపు తెర మీద వేలు పడకపోతే చూసే మనిషి లేడనుకుని పాఠం మళ్లీ మొదలవుతుంది. పాఠం మధ్యలో అడిగే ప్రశ్నకి జవాబు నొక్కితేనే ముందుకి కదులుతుంది. తయారుచేసినవాళ్లు మంచివాళ్లే, మతిమరుపు జబ్బు గురించి క్షుణ్ణంగా తెలిసినవాళ్లే. కానీ వాళ్ల ఇళ్లలో మాత్రం ఎవరూ కుర్చీలోంచి లేవరు కాబోలు. ఆమె వారం పైనుంచీ ఎనిమిదో పాఠం దగ్గరే ఆగిపోయింది. ఆ పాఠం పేరు 'మీకోసం మీరు సమయం కేటాయించుకోవడం ఎలా'.

అలాగని పాఠాల వల్ల మేలు జరగలేదని కాదు. స్నానం గురించి నాలుగో పాఠంలో చెప్పినట్టు, ముందుగా టవల్ చేతికిచ్చి, నీళ్లు వేళ్లకి తాకించి, ఆ తర్వాతే స్నానం మాట ఎత్తడం మొదలుపెట్టాక ఇంట్లో సగం రభస తగ్గింది. వెనకనుంచి పిలవకూడదని, ఒకేసారి రెండు మాటలు చెప్పకూడదని ఆమెకి అంతకుముందు ఎవరూ చెప్పలేదు. డాక్టరు మందులు రాసిచ్చాడు, జాగ్రత్తగా చూసుకోమన్నాడు. ఎలా చూసుకోవాలో చిరునవ్వావిడే చెప్పింది.

అయినా ఇప్పుడు ఆమెకి కావలసింది పాఠం కాదు, పాఠాలు పూర్తయ్యాక దొరికేది. నాలుగు వీధుల అవతల ఇలాంటి పెద్దవాళ్లని పగటిపూట చూసుకునే సెంటర్ ఒకటి ఉంది. వారానికి మూడు ఉదయాలు అక్కడ దిగబెట్టవచ్చు. కాకపోతే ఇంట్లో చూసుకునే మనిషి ముందు ఈ ఆన్‌లైన్ పాఠాలన్నీ పూర్తిచెయ్యాలి. ఆఖరి పాఠంలో తమ మనిషి గురించి ఫోన్‌లో మాట్లాడి పంపాలి. ఏం ఇష్టం, ఏం భయం, ఎలా పిలిస్తే పలుకుతారు అన్నవి. అక్కడి ఆయాలు అది విని దాని ప్రకారం నడుచుకుంటారు.

ఆ మూడు ఉదయాల్లో ఏం చేస్తావని అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర గొప్ప జవాబేమీ లేదు. ఎడమవైపు దవడపన్ను చాలా రోజులుగా సలుపుతోంది, చూపించుకోవాలి. అది పైకి చెప్పే కారణం. అసలు కారణం చెవులు. వంట చేస్తున్నా, బట్టలు ఉతుకుతున్నా, స్నానాల గదిలో ఉన్నా, ఆఖరికి నిద్రపోతున్నా ఆమె చెవులు హాల్లోనే కాపలా ఉంటున్నాయి. వాటికి కాస్త సెలవు కావాలి. దేనికీ చెవి ఒగ్గకుండా ఒక్క పూట ఊరికే కూర్చోవాలి.

ఈ పాఠాల సంగతి మొదట కనిపెట్టింది భర్త అక్కగారు. ఆవిడ వేరే ఊళ్లో ఉంటుంది. పాఠాలన్నీ రైల్లో ప్రయాణం చేస్తూ ఒక్క రోజులో పూర్తిచేసి, అంచు చుట్టూ పూలున్న సర్టిఫికెట్ కూడా తెచ్చుకుంది.

"ఇంకా ఎనిమిదేనా?" అంది ఆవేళ ఫోన్‌లో. "అదేమంత కష్టం కాదమ్మా. ఒక చోట స్థిమితంగా కూర్చుంటే అయిపోతుంది."

"స్థిమితంగా కూర్చోవడమే కుదరట్లేదు వదినా."

"పోనీ నేను చేసినట్టు రైల్లో..."

"మీ అమ్మగారిని కూడా రైలెక్కించమంటారా?"

వదిన పకపకా నవ్వింది. ఆవిడకి పౌరుషం తక్కువ, నవ్వు ఎక్కువ. అందుకే ఆవిడ మీద కోపం తెచ్చుకుందామన్నా కుదరదు.

బాల్కనీలో అత్తగారి కుట్టుమిషన్ ఉంది. దానికి రెగ్జిన్ గుడ్డ చుట్టి, తాడు కట్టి, పైన మూడు పూలకుండీలు పెట్టి ఉన్నాయి. చూసినవాళ్లెవరూ కింద మిషన్ ఉందనుకోరు. కోడలికి కావలసిందీ అదే.

కిందటి వానల్లో పాత దుప్పటి ఒకటి చిరిగితే దిండు గలీబులకి పనికొస్తుందని ముక్కలు కత్తిరించి బల్ల మీద పెట్టి ఆమె స్నానానికి వెళ్లింది. వచ్చి చూస్తే అత్తగారు ఆ ముక్కలన్నీ ఒళ్లో పోగేసుకుని, చెమటలు కక్కుతూ కూర్చుని ఉన్నారు.

"బళ్లు తెరుస్తున్నారే! ఒక్క యూనిఫారం కూడా కాలేదు. పిల్లల తల్లులొచ్చి వీధిలో నిలబడతారు. నేను ఎవరికి మొహం చూపించను?"

కుట్టిన బట్టతో ఆవిడకి పేచీ లేదు. వంకలు పెట్టి వదిలేస్తారు. కత్తిరించి, కుట్టకుండా ఉన్న ముక్క కనబడితే మాత్రం గుండెల్లో రైళ్లు పరుగెడతాయి. సూదిలో దారం ఎక్కించబోయి వేళ్లన్నీ పొడుచుకున్నారు. ముద్ద ముట్టలేదు. ముక్కలు లాక్కోబోతే మీదపడి కొట్టారు. సాయంత్రం దాకా అలా ఏడ్చి ఏడ్చి గొంతు పోయాక, ఇక తోచక కోడలు అంది:

"బడి సెలవులు పొడిగించారట అత్తయ్యా."

"పొడిగించారా? ఎవరన్నారు?"

"హెడ్మాస్టరుగారే."

అత్తగారు గట్టిగా ఊపిరి వదిలి, మంచినీళ్లు అడిగారు. మర్నాడే కత్తెరా సూదులూ టేపూ అటక మీదికి, మిషన్ బాల్కనీలోకి వెళ్లిపోయాయి.

భర్తకి ఆ రోజే చెప్పింది. అతను ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషీన్లూ అమ్మే షాపులో పనిచేస్తాడు. అప్పుడెవరో ఫ్రిజ్ తలుపు రబ్బరు ఊడిందని ఫోన్ చేస్తే వాళ్లతో మాట్లాడుతూ, ఈమెవైపు తిరిగి "ఊఁ, ఊఁ, మంచి పని చేశావు" అన్నాడు. ఆ మంచి పని ఏమిటో అతని చెవిన పడనేలేదు. కొన్నాళ్లకి బాల్కనీలోకి వెళ్లి మొహం చిట్లించాడు.

"అమ్మ మిషన్ మీద మట్టికుండీలేమిటి? అదేమన్నా పాత ఇనపసామానా?"

మళ్లీ మొదట్నుంచీ చెప్పే ఓపిక ఆమెకి లేకపోయింది. "మొక్కలకి ఎండ కావాలి" అని ఊరుకుంది.

ఆ వారం చివర్లో అతను షాపునుంచి కాస్త ముందుగా వచ్చాడు. హాల్లో తల్లి పేపరు మడతలు పెడుతోంది. వంటింట్లో భార్య స్టూలు మీద కూర్చుని, ఫ్రిజ్‌కి తల ఆనించి నోరు తెరుచుకుని నిద్రపోతోంది. చేతిలో ఫోన్. ఫోన్‌లో ఎవరో నవ్వుతూ, "హాయిగా కూర్చోండి" అంటున్నారు. అతను చప్పుడు కాకుండా ఫోన్ కట్టేశాడు. మంచివాడే. ఇంట్లో ఏం జరుగుతోందో చూసే తీరికే తక్కువ.

రెండు రోజులు పోయాక ఇంటికొస్తూనే అన్నాడు:

"నీ పరీక్ష పాసైపోయింది!"

"నా పరీక్షేమిటి?"

"మధ్యాహ్నం పూట షాపులో బేరాలుండవు కదా. నీ పేరు మీదే ఫోన్‌లో తెరిచి మిగతావన్నీ చేసేశాను. ప్రశ్నలు చాలా తేలిక. ఆఖర్న అమ్మ గురించి మాట్లాడమన్నారు, దంచేశాను. సెంటర్‌వాళ్లు ఒప్పుకున్నారు. గురువారం తీసుకురమ్మన్నారు."

ఏం మాట్లాడారని ఆమె అడగాలి. అడగలేదు. గురువారం అన్న మాట ఒక్కటే వినపడింది. ఆ సంతోషంలో అతనికి ఇంకో టీ పెట్టి ఇచ్చింది.

గురువారం అత్తగారిని సెంటర్‌లో దిగబెట్టింది. పొడుగాటి గది, గోడ వెంట కుర్చీలు, కిటికీల్లోంచి వెలుతురు. ఆయా ఎదురుగా వచ్చి, పేరు పెట్టి పలకరించి, చెయ్యి అందించింది. పాఠంలో చెప్పినట్టే ఉంది. కోడలు ఇంటికొచ్చి చెప్పులు విడిచి, పంటి డాక్టరుకి ఫోన్ చేద్దామా, ముందు కాసేపు కూర్చుందామా అని ఆలోచిస్తుండగానే ఫోన్ మోగింది.

"ఒకసారి రాగలరా? అమ్మగారు చాలా కంగారు పడుతున్నారు" అంది సెంటర్ ఇన్‌ఛార్జి.

వెళ్లేసరికి లోపల్నుంచి ఆ గొంతు వీధిలోకి వినపడుతోంది. "తల్లులొస్తున్నారే! ఒక్క కాలరూ ఎక్కించలేదు!" కిటికీ పక్కన చిన్న బల్ల. దాని మీద అత్తగారి కోసమే అన్నట్టు ముచ్చటగా అమర్చి పెట్టిన నీలం బట్ట ముక్కలు, దారపు ఉండలు, బొత్తాల డబ్బా. బొత్తాలన్నీ నేల మీద చిందరవందరగా పడి ఉన్నాయి. అత్తగారు బట్ట ముక్కలు గుండెలకి హత్తుకుని గోడ మూలకి నక్కి ఉన్నారు. ఆయా చేతి మీద గోళ్ల గీతలు. ఎదురు కుర్చీలో పెద్దాయన ఒకాయన ఏమైందో తెలియకుండానే ఏడుస్తున్నాడు.

కోడలు ఎదురుగా వెళ్లి, కింద కూర్చుంది.

"అత్తయ్యా, బడి సెలవులు పొడిగించారట."

"ఎవరన్నారు?"

"హెడ్మాస్టరుగారే."

అత్తగారి పిడికిలి వదులైంది. "ముందే చెప్పొచ్చుగా, కాజాలమ్మాయ్? పొద్దున్నుంచీ నా ప్రాణం తీస్తున్నారు వీళ్లు."

ఆవిడ కాస్త కుదుటపడ్డాక ఇన్‌ఛార్జి కోడల్ని తన గదిలో కూర్చోబెట్టి, కంప్యూటర్‌లో ఆ మాటలు వినిపించింది. భర్త గొంతు. షాపులో గొంతు.

"మా అమ్మగారి ప్రత్యేకత ఏమిటంటే మేడమ్, ఆవిడ కుట్టిన కాలర్‌కి ఈ చుట్టుపక్కల పోటీ లేదు. చేతిలో బట్ట పెట్టండి చాలు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలరు. ఏ ఇబ్బందీ ఉండదు. టీలో పంచదార వేసుకోరు. రోజూ పేపరు మొదటి పేజీనుంచి చివరిదాకా చదువుతారు..."

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అన్నీ ఒకప్పుడు నిజమే. ఇప్పుడు ఆవిడకి టీలో పంచదార రెండు చెంచాలు పడాలి. పేపరుని చొక్కా చేతుల కొలతకి మడతపెట్టడమే గాని చదవడం ఎప్పుడో పోయింది. ఎప్పుడో తయారీ ఆగిపోయిన ఫ్రిజ్‌ని పట్టుకుని కొత్తదే అన్నట్టు వర్ణిస్తున్నాడు.

"రోజూ చూసుకునేది మీరేనన్నారు. ఇది మీ గొంతు కాదుగా?" అంది ఇన్‌ఛార్జి.

"మావారిది."

"మగగొంతు వినగానే మేమూ అడగాల్సింది. మా పొరపాటూ ఉంది. కానీ ఇలాంటి మాటలు నమ్ముకునే మా ఆయాలు ఆవిడ దగ్గరికి వెళ్తారమ్మా. ఆవిడని భయపెట్టింది వాళ్లు కాదు, ఈ మాటలే." ఆవిడ గొంతులో కోపం లేదు. "ఈ చోటు కోసం ఇంకో కుటుంబం ఎదురుచూస్తోంది. సోమవారం దాకా ఆపగలను. ఆ లోపల ఆఖరి పాఠం మళ్లీ చెయ్యండి. దగ్గరుండి చూసుకునేవాళ్లే చెప్పాలి. ఇద్దరు చూసుకుంటే ఇద్దరిలో ఎవరైనా సరే."

సాయంత్రం భర్త వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. అత్తగారు అలిసి ముందుగానే పడుకున్నారు. కోడలు జరిగింది చెప్పింది. గొంతు పెంచలేదు. పెంచడానికి గొంతులో ఏమీ మిగల్లేదు.

"బట్ట పెట్టమన్నది నేనే," అన్నాడతను. "అమ్మకి ప్రాణం కదా అని."

"మిషన్ మీద కుండీలు ఎందుకు పెట్టానో తెలుసా?"

"మొక్కలకి ఎండ కావాలన్నావు."

ఆమెకి నవ్వొచ్చింది. అది మంచి నవ్వు కాదని ఆమెకే తెలిసింది. దుప్పటి ముక్కలూ, పొడుచుకున్న వేళ్లూ, హెడ్మాస్టరూ అన్నీ మళ్లీ మొదట్నుంచీ చెప్పింది. అతను చొక్కా గుండీలు విప్పుతున్నవాడు మధ్యలో ఆగిపోయాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాను. మీరప్పుడు ఎవరిదో ఫ్రిజ్ రబ్బరు గురించి మాట్లాడుతున్నారు."

అతను విప్పిన గుండీ మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత, "అంటే మా అమ్మ గురించి నాకేమీ తెలీదంటావు" అన్నాడు. మాటలో కాస్త రోషం ఉంది.

"దుకాణం నడిపినావిడ గురించి మీకు తెలిసినంత నాకు తెలీదు. లోపల పడుకున్నావిడ గురించి తెలుసుకోండి. ఆదివారం నేను మా చెల్లెలింటికి పోతున్నాను. పొద్దున్న ఆవిడ లేచిందగ్గర్నుంచి మీరే. తర్వాత ఆ ఆఖరి పాఠమూ మీరే చెప్పాలి."

"నీకన్నీ తెలుసు కదా, నువ్వే చెప్పెయ్యొచ్చుగా? చోటు పోతే ఎలా?"

"పోతే పోయేది నా ఉదయాలేగా? నేను చెప్పను. నాకు ఓపిక లేదండీ."

అంతలో వదిన ఫోన్. తమ్ముడి నిర్వాకం విని, "వీడు చిన్నప్పట్నుంచీ ఇంతే. నా లెక్కలు కూడా నాకు తెలియకుండా వీడే చేసిపెట్టి తన్నులు తినిపించేవాడు" అంది. కోడలు నవ్వలేక నవ్వింది.

ఆదివారం చెల్లెలు ఎదురొచ్చి, "ఎన్నాళ్లకొచ్చావే అక్కా, ఎక్కడికెళ్దాం చెప్పు?" అంది. అక్క సోఫాలో ఒక పక్కకి ఒరిగి, "ఇక్కడికే" అంది. అలాగే నిద్రపోయింది. మధ్యలో ఫోన్ మోగింది.

"స్నానం చేయించడం ఎన్నో పాఠం?" అన్నాడు భర్త. వెనకాల బకెట్ దొర్లిన చప్పుడు.

"నాలుగు. ముందు టవల్ చేతికివ్వండి."

"ఇచ్చాను. దాన్ని కిటికీలోంచి పారేసింది."

"ఇంకోటి ఇవ్వండి" అని పెట్టేసి మళ్లీ పడుకుంది. చెల్లెలు ఆమె మీద దుప్పటి కప్పింది. దవడ సలుపుతూనే ఉంది గాని దాని మానాన దాన్ని వదిలేసింది.

సాయంత్రం ఇంటికొచ్చి, తలుపు తీసేముందు చెవి ఆనించి వింది. ఇల్లు మునగలేదు గాని మునిగినంత పనయింది. హాలంతా తడి కాళ్ల గుర్తులు. అత్తగారు కొడుకు చొక్కా తొడుక్కుని కుర్చీలో ఠీవిగా కూర్చున్నారు. కొడుకు వంటింట్లో నేల మీద చతికిలబడి ఉన్నాడు. చొక్కా మోచేతుల దాకా తడిసింది, రెండు గుండీలు లేవు. పంచదార డబ్బాకి ఫోన్ ఆనించి ఉంది.

"మాడ్చానా అంటే మాడ్చలేదు," అన్నాడు గిన్నె వైపు చూపిస్తూ. తర్వాత ఫోన్ వైపు చూపించాడు. "ఇది మాత్రం మళ్లీ మళ్లీ మొదటికొస్తోందేమిటి?"

"దాని పద్ధతే అంత."

"నువ్వు ఇన్నాళ్లూ ఇలాగే..." అని ఆగిపోయాడు. ఆమె బాల్కనీ వైపు చూసింది. రెగ్జిన్ గుడ్డ మీద ఇంకో తాడు బిగించి ఉంది. మిషన్ చక్రం ఎక్కడా కనపడకుండా గోడవైపు తిప్పి, నాలుగో కుండీ కూడా పెట్టాడు.

చీకటి పడే వేళకి హాల్లో తల్లి పక్కన కూర్చుని ఆఖరి పాఠం తెరిచాడు. కోడలు వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. వినకూడదనుకుంది. ఆ చెవులు ఊరుకోవు కదా.

ఈసారి షాపు గొంతు కాదు. మాట మాటకీ మధ్య ఖాళీలు.

"మా అమ్మ... ఇదివరకు బట్టలు కుట్టేది. ఇప్పుడు కుట్టదు. బట్ట ముక్కలు కంట పడనివ్వకండి, కంగారు పడుతుంది. పొరపాటున చూస్తే, బడి సెలవులు పొడిగించారని చెప్పండి. ఎవరన్నారంటే హెడ్మాస్టరుగారనండి. ఆయన మాటంటే అమ్మకి గురి... టీలో పంచదార మూడు చెంచాలు."

రెండు, అనుకుంది కోడలు. వెళ్లి చెప్దామని చెయ్యి తుడుచుకుంది. ఒక చెంచా తీపి ఎక్కువైతే కొంపలు మునగవని ఆగింది.

"వెనకనుంచి పిలవకండి. ఇంకా... ఇంకొకటి. దగ్గరికి వెళ్తే కాలర్ పట్టుకుంటుంది. భుజం గుంజుతుంది. కొడుతోందనుకోకండి. దుకాణంలో చొక్కా కుట్టడమయ్యాక పంపేముందు నాకో అక్కకో తొడిగేది, ఎవరి కొలత దగ్గరగా ఉంటే వాళ్లకి. కాలర్ కూర్చుందా, భుజం జారిందా అని లాగి చూసేది. మేం కదిలితే తిట్టేది. బాగుంటే వీపు మీద ఒక్కటి తట్టేది, ఇక పో అన్నట్టు. పొద్దున్న నన్ను పట్టుకుంది. వదిలించుకోబోయాను. రెండు గుండీలు ఊడాక గుర్తొచ్చింది. కాసేపు కదలకుండా నిలబడండి, అంతే. తనే పంపించేస్తుంది."

కోడలి చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది. రోజుకి ఎన్నిసార్లు ఆ చేతిని తప్పించిందో. వదలండి అత్తయ్యా, వదలండి అత్తయ్యా అంటూ. పాఠాల్లో ఎక్కడా ఇది లేదు. ఉండే వీలూ లేదు.

హాల్లోంచి అత్తగారి గొంతు వినపడింది. "ఎవరితోరా మాట్లాడుతున్నావు? ఆవిణ్ణి నిలబెట్టకు. ముందుగా ఒక గ్లాసు మంచినీళ్లు ఇచ్చి, హాయిగా కూర్చోమను."

సోమవారం పొద్దున్నే సెంటర్‌నుంచి ఫోన్ వచ్చింది, తీసుకురమ్మని. వాకిట్లో ఆయా ఎదురొచ్చింది. ఇవాళ కిటికీ పక్కన బల్ల ఖాళీగా ఉంది. అత్తగారు లోపలికి అడుగు వెయ్యబోయి, వెనక్కి తిరిగి, కోడలి కాలర్ పట్టుకున్నారు.

కోడలు కదల్లేదు. వెనకాల ఇంకెవరో తమ పెద్దాయన్ని తీసుకొచ్చి దారి కోసం నిలబడ్డారు. అయినా కదల్లేదు. బొటనవేలు కాలర్ అంచు వెంట మెల్లగా పాకింది. కుడి భుజం మీద కుట్టు దగ్గర ఆగింది. ఒకసారి గుంజి, వదిలి, మళ్లీ సర్దింది. ఆ కళ్లలో ఎన్నడూ చూడని నిదానం ఉంది.

"ఎవరు కుట్టారే ఇది?"

అది బజార్లో కొన్న చొక్కా.

"మీరే అత్తయ్యా."

"ఊఁ" అన్నారు అత్తగారు. వీపు మీద ఒక్కటి తట్టారు. ఆ దెబ్బకి కోడలు అరడుగు ముందుకి తూలింది. "పర్లేదు. పో ఇక."

ఆమె ఇంటికొచ్చింది. చెప్పులు విడిచి, ఒక గ్లాసు మంచినీళ్లు తాగింది. ఫోన్ బల్ల మీద పెట్టింది. అది మోగలేదు. హాల్లోకి వచ్చి, దగ్గరగా ఉన్న కుర్చీలో కూర్చుంది. అత్తగారి కుర్చీ. పన్ను సంగతి రేపు చూడొచ్చు. కళ్లు మూసుకుంది.

కుర్చీ కిర్రుమంది.

ఉలిక్కిపడి సగం లేచింది. లేచాక గాని అర్థం కాలేదు, కిర్రుమన్నది తన కిందే అని. మళ్లీ కూర్చుంది, ఈసారి ఇంకొంచెం వెనక్కి జరిగి.